మాటకు హద్దురాయి

మా రాష్ట్రంలో కొలవాల్సిన భూమి అయిపోయింది. కొలిచే మనుషులు మాత్రం మిగిలిపోయారు. ప్రభుత్వానికి ఇంతకంటే ఇబ్బందికరమైన పరిస్థితి ఉండదు. గొలుసులు తుప్పు పడుతున్నాయి, హద్దురాళ్ళు గోడౌన్లలో గుట్టలు పడి ఉన్నాయి, సర్వేయర్లు పొద్దున్నే ఆఫీసుకొచ్చి ఒకరి బల్ల ఒకరు కొలుచుకుని సాయంత్రానికి ఇళ్ళకు వెళ్తున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఏడో తరగతి తెలుగు పరీక్షలో ఓ గొడవ జరిగింది. కథలోంచి ఒక ముక్క ఇచ్చి, అందులో ‘మందు’ అనే మాటకు అర్థం రాయమన్నారు. ఆ ముక్కలో ఒక రైతు సాయంత్రం పూట సీసా పట్టుకుని చేలోకి వెళ్తాడు. కొందరు పిల్లలు పురుగుమందని రాశారు. కొందరు సారా అని రాశారు. డాక్టరు గారబ్బాయి దగ్గుమందని రాశాడు. ముందు వెనకలు చదివితే రైతు చేనుకి పురుగు పట్టిందని తెలుస్తుంది గానీ, ముందు వెనకలు చదివే తీరిక ఎవరికుంది? తల్లిదండ్రులు మూడు వర్గాలుగా విడిపోయి కలెక్టరాఫీసు ముందు టెంట్లు వేసుకుని కూర్చున్నారు.

ఈ రెండు సమస్యల్నీ ఒకదానికొకటి ముడి పెడితే రెండూ తీరిపోతాయని పైన ఎవరికో తోచింది. ఆయన పేరు నాకు తెలియదు. ఈపాటికి ప్రమోషన్ వచ్చే ఉంటుంది.

అలా పుట్టింది ‘పద సర్వే మరియు హద్దుల నిర్ధారణ ప్రత్యేక విభాగం’. దాన్ని తెచ్చి మా పాఠ్యపుస్తకాల ఆఫీసులో పెట్టారు. నేను తెలుగు టీచర్ని. కాలవ గట్టు మీదున్న మా ఊరి హైస్కూలు నుంచి, పుస్తకంలోకి కథలు ఎంపిక చేయడానికి డిప్యుటేషన్ మీద అక్కడికి వెళ్ళాను. కథలంటే ఇష్టంతో వెళ్ళాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

విభాగానికి ప్రత్యేకాధికారి దండపాణి గారు. ముప్ఫై ఏళ్ళుగా పొలాలు కొలిచిన మనిషి. నడిచేటప్పుడు అడుగులు కూడా సమానంగా వేస్తారు. మొదటి రోజే అందర్నీ పిలిచి గోడకి బ్యానరు కట్టించారు: ‘ఒక మాట, ఒక అర్థం, ఒక పాసుపుస్తకం’.

“హైమవతి గారూ,” అన్నారు నాతో, “ఒకే భూమికి నలుగురు హక్కుదారులుంటే దాన్ని ఏమంటారు?”

“తగాదా అంటారండి.”

“మరి ఒకే మాటకి నాలుగర్థాలుంటే?”

“కథల్లో అది మామూలేనండి. సందర్భాన్ని బట్టి తెలుస్తుంది.”

“సందర్భం!” ఆయన జాలిగా నవ్వారు. “ఇన్నాళ్ళూ మీ భాషా పండితులు గాలిలో లెక్కలు కట్టారమ్మా. సందర్భం అంటే ఏమిటి? హద్దులు. మాటకి ఎడం పక్కనున్న మాట పడమర హద్దు. కుడి పక్కనున్న మాట తూర్పు హద్దు. ఈ హద్దులన్నీ కలిపి చెక్కుబంది రాసేస్తే మాట ఎక్కడికి పోతుంది?”

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆయన మీద నాకు కొంచెం గౌరవం కలిగింది. మాటకి అర్థం పక్క మాటల్లో ఉంటుందని ఒప్పుకున్న అధికారిని అంతకుముందు చూడలేదు. ఆ గౌరవం మధ్యాహ్నం భోజనాల దాకా నిలిచింది.

భోజనాలయ్యాక సర్వే మొదలైంది. సర్వేకి మొదటి కథగా నేను ఎంపిక చేసిందే తీసుకున్నారు. అది కార్డు కథ. అంటే పోస్టుకార్డు మీద పట్టేంత చిన్నది. రాసినావిడ గుర్రాల సువార్తమ్మ గారు. బస్టాండు విచారణ కౌంటర్లో మైకు ముందు కూర్చుని రిటైరయ్యారు. ఆవిడ పుట్టింది మా ఊళ్ళోనే. ఆవిడ తండ్రి మా కాలవ మీద లస్కరు, అంటే లాకు తలుపులు ఎత్తి దించే మనిషి. ఓ తుఫాను సాయంత్రం ఆయన ఇంట్లోంచి బయల్దేరడమే ఆ కథ. జీవితంలో ఆవిడ రాసిన కథ అదొక్కటే. మా ఊరి పిల్లలు చదవాలనే దాన్ని ఎంపిక చేశాను.

కథ చిన్నది కాబట్టి సాయంత్రానికల్లా తేలిపోతుందనుకున్నారు. కానీ ‘అన్నం’ అనే మాట తేలాలంటే దాని తూర్పు హద్దు ‘వడ్డించింది’ ముందు తేలాలి. ‘వడ్డించింది’ తేలాలంటే పడమర హద్దు ‘అన్నం’ నుంచి నిరభ్యంతర పత్రం రావాలి. ఆ రెండు ఫైళ్ళూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ ఒకే బీరువాలో పక్కపక్కనే నెల రోజులు కూర్చున్నాయి.

ఈ లోపల తగాదాలో ఉన్న మాటలన్నిటినీ నిషేధిత జాబితాలో పెట్టారు. తేలేవరకు వాటిని ఆఫీసు ఆవరణలో ఎవరూ వాడకూడదు. జాబితాలో మొదటి పేరు ‘పడు’. వాన పడుతుంది, నిద్ర పడుతుంది, భయపడతారు, పేరు పడుతుంది, జీతం పడుతుంది. దండపాణి గారు దాని వివరాలన్నీ చూసి, కళ్ళజోడు తీసి, “ఇది మాట కాదు, కబ్జా” అన్నారు.

ఒకటో తారీఖున అకౌంట్స్ గుమాస్తా గుమ్మంలో నిలబడి “జీతాలు సంభవించాయి” అని ప్రకటించాడు. మేం చప్పట్లు కొట్టబోయి, ‘కొట్టు’ కూడా జాబితాలో ఉందని గుర్తొచ్చి, చేతులు కట్టుకుని సంతోషించాం. గొలుసు పట్టే సింహాచలం మోకాలికి కట్టుతో వచ్చాడు. ఏమైందయ్యా అంటే అటూ ఇటూ చూసి, “మెట్ల మీద నుంచి కిందికి బదిలీ అయ్యానండి” అన్నాడు. క్యాంటీను వాడు టీ ‘పెట్టడం’ మానేశాడు, ‘కాచడం’ మానేశాడు, చివరికి ‘ఇవ్వడం’ కూడా మానేశాడు. గ్లాసు చూపించి కళ్ళెగరేసేవాడు. మనం తల ఊపితే టీ వచ్చేది. ఆ రోజుల్లో మా ఆఫీసు ఎంత ప్రశాంతంగా ఉండేదో చెప్పలేను. చూడ్డానికొచ్చిన పై అధికారులు క్రమశిక్షణ అని మెచ్చుకుని వెళ్ళారు.

కథలో మాటలన్నీ ఒక్కొక్కటే ఎలాగో తేలాయి. చివరి మాట దగ్గర బండి ఆగింది. ఆ మాట ‘వస్తా’.

సువార్తమ్మ గారికి నోటీసు వెళ్ళింది. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, బస్సు దిగి, సరాసరి విచారణకొచ్చారు.

“సదరు మాటకి పడమర హద్దు ‘తినెయ్’,” అని చదివారు దండపాణి గారు. “తూర్పున కథ అయిపోయింది కనుక ఖాళీ స్థలం, అనగా పోరంబోకు. అమ్మా, మీ నాన్నగారు ఈ మాట అన్నప్పుడు ఏ దిక్కుకి తిరిగి ఉన్నారు?”

“పాదాలు గుమ్మం బయటికండి. మొహం మా వైపండి.”

“చూశారా! పాదాల ప్రకారం పోవడం, మొహం ప్రకారం రావడం. ఒకే సర్వే నంబరులో ఇద్దరు ఆక్రమణదారులు.”

“అదేటండీ బాబూ! ఎల్లేవోళ్ళు ఎవరైనా వస్తాననే అంటారు కదండీ. ఇంట్లోంచి బయల్దేరతా పోతానని ఎవరంటారండి?” అన్నారావిడ. తర్వాత ఆయన మొహంలోకి అనుమానంగా చూశారు. “తవరు కథ చదివేరా అండీ?”

“చదవకూడదమ్మా.”

“చదవకూడదా?”

“పొలం కొలిచేవాడు పంట వంక చూశాడంటే కొలత తప్పుతుంది. మా విభాగంలో ఎవరం ఏ కథా చదవలేదు. కావలిస్తే విచారణ చేయించుకోండి.” ఆ మాట చాలా గర్వంగా చెప్పారాయన.

సువార్తమ్మ గారు చేతిసంచీ పిన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత మైకు ముందు కూర్చున్న మనిషిలాగే, స్పష్టంగా చెప్పారు. “ఆయన ఆ సాయంత్రం ఎల్లినోడు మరి రాలేదండి. మర్నాడు ఆఫీసులో ఆయన పేరు ఎదర ‘గైర్హాజరు’ అని రాసేరండి. డ్యూటీకి ఎల్లనే లేదన్నారండి. లాకులు ఎవరెత్తేరో, వాటంతటవే ఎగిరేయో మాకు తెలీదన్నారండి. అమ్మ ఆ మాట మీదే మంచం పట్టిందండి. నాకేం వద్దండి. ఆ ఊరి పిల్లలు ఒక్కసారి చదివితే చాలండి, ఆయన గుమ్మం దాటేడని.”

దండపాణి గారు కొంచెం కదిలారనే అనుకున్నాను. ఆయన కలం తీసి తీర్పు రాశారు: ‘వస్తా. అర్థం: ఆగమనం. సదరు వ్యక్తి రాగలరు. ఆలస్యమైనచో గడువు పొడిగించబడును.’

“ఒకాఫీసు రానేలేదని రాసింది,” అన్నారు సువార్తమ్మ గారు లేస్తూ. “ఇంకో ఆఫీసు వస్తాడని రాసింది. మా నాన్నకి మీ ఆఫీసులంటే ఎంత గౌరవవో, ఏది పాటించాలో తెలీక ఎక్కడ నిలబడిపోయేడో పాపం.”

నేను ఊరుకోలేకపోయాను. ఆ తీర్పు మూర్ఖత్వమని ఫైలు మీదే రాశాను. ‘మూర్ఖత్వం’ అనే మాటకి ఒకే అర్థం ఉన్నందుకు నన్ను అభినందించి, ఆ సాయంత్రమే డిప్యుటేషన్ రద్దు చేసి మా బడికి పంపేశారు.

జూన్లో కొత్త పుస్తకాలొచ్చాయి. సువార్తమ్మ గారు ముందురోజే ఫోన్ చేసి, సంచీ నిండా మైసూర్‌పాక్ పట్టుకుని మా బడికొచ్చారు. పిల్లలు పుస్తకాల వాసన చూసుకుంటుంటే ఆవిడ కూడా ఒకటి తీసుకుని పేజీలు తిప్పారు. కథ పేరు ఉంది. ఆవిడ పేరు ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది: ‘పేజీల పరిమితి దృష్ట్యా కథను తొలగించి, హద్దుల పట్టికను మాత్రం యథాతథంగా ముద్రించడమైనది.’

తర్వాత పేజీలన్నీ పట్టికే. కథలో ప్రతి మాటా అకారాది క్రమంలో. ఒక్కో మాటకి పడమర ఏముందో, తూర్పు ఏముందో, దాని ఏకైక అర్థమేమిటో ఉన్నాయి. కథ లేదు.

సువార్తమ్మ గారు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. “పోనీలెండి మేడమ్,” అన్నారు నన్ను ఓదారుస్తున్నట్టు. ఆవిడ గొంతు వినలేక నేను కిటికీ వైపు తిరిగాను.

“మేడమండీ,” అంది ముందు బెంచీలోంచి నాగశ్రావణి. “ఇది పాఠవాండి, పొలం కాయితవాండి? మా తాత పెట్లో ఇలాంటిదే ఉందండి. తూరుపు ఫలానా వారి చేను, పడవర పుంతదారి అనుంటదండి.”

“ఆ కాయితం పట్టుకుని మీ తాత ఏం చేస్తాడే?”

“హద్దులు పట్టుకుని పొలం ఎక్కడుందో చూపిస్తాడండి.”

అంతే. ఆ పిల్లని ముద్దు పెట్టుకోవాలనిపించింది. పుస్తకాలు తీసుకుని బయటికి నడవమన్నాను. ఒక క్లాసు చాలక పక్క క్లాసుని కూడా పిలిచాను. ఒక్కొక్కరికి ఒక్కో మాట కాగితం మీద రాసి చొక్కాలకి, జడలకి పిన్నులతో గుచ్చాం. “మీ పడమర ఎవరో, తూర్పు ఎవరో పట్టికలో చూసుకోండి. వెతుక్కుని పక్కన నిలబడండి” అన్నాను.

మా బడి ఆవరణలో అంత గోల ఎప్పుడూ వినలేదు. “నా పడవర గొడుగెవరు? గొడుగూ!” “ఒరే కంచం, నీకోసం చూస్తంటే అక్కడేం చేస్తన్నావురా!” “నేను అమ్మనండి, నాకు తూరుపు అన్నవండి!” పిల్లలు ఒకర్నొకరు చేతులు పట్టి లాక్కుంటున్నారు. తప్పు చోట నిలబడ్డ ‘లేచాడు’ని నలుగురు కలిసి మోసుకెళ్ళారు. మొదటి మాటైన ‘మా’కి పడమర పోరంబోకు. ఆ పిల్లవాడు నా పక్కన ఎవరూ లేరని ఏడుపు మొదలుపెడితే, నువ్వే ముందు కదరా అని సముదాయించాం. సువార్తమ్మ గారు అరుగు మీద నిలబడి, బస్టాండులో లాగే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, “గుమ్మంలో! గుమ్మంలో! ఎక్కడున్నా వెంటనే గొడుగు దగ్గరికి రావలెను!” అని అరుస్తున్నారు.

సరిగ్గా అప్పుడే గేటు ముందు జీపు ఆగింది. దండపాణి గారు అమలు తనిఖీకి వచ్చారు. కొంప మునిగిందనుకున్నాను. ఆయన మాత్రం గేటు దగ్గరే ఆగిపోయి, వరస వంక చూస్తూ ఉండిపోయారు.

“నా చెక్కుబందితో నడుస్తున్నారా వీళ్ళంతా?” అన్నారు. “ఇన్నేళ్ళలో నేను రాసిన హద్దులు పట్టుకుని ఎవరైనా సంతోషంగా నడవడం చూడలేదు హైమవతి గారూ. ఎప్పుడూ కర్రలు పట్టుకునే నడిచేవాళ్ళు.”

వరస పూర్తయింది. తూర్పు చివర మాత్రం ఒక ఖాళీ మిగిలింది. రెండు క్లాసులూ కలిపినా చివరి మాటకి ఒకరు తక్కువయ్యారు. దండపాణి గారు వరస పొడుగునా సమానమైన అడుగులతో నడిచి, ఆ ఖాళీ దగ్గర మొహం చిట్లించారు.

“చివర హద్దురాయి లేని సర్వే చెల్లదు,” అన్నారు. చుట్టూ చూశారు. పిల్లలెవరూ మిగల్లేదు. “తాత్కాలికంగా నేను నిలబడతాను.”

నాగశ్రావణి వెళ్ళి ఆయన జేబుకి కాగితం గుచ్చింది. మొదలుపెట్టండర్రా అన్నాను. పడమర నుంచి ఒక్కొక్కరే వాళ్ళ వాళ్ళ మాట చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో పోటీ పడి అరిచారు. మధ్యకొచ్చేసరికి గొంతులు వాటంతటవే తగ్గాయి.

“మా వంటింటి గట్టు మీద నాన్న కంచం ఇప్పటికీ కడిగి బోర్లించి ఉంటుంది. ఆయన కాలవ మీద లస్కరు. ఆ సాయంత్రం గాలి మొదలైంది. అమ్మ అన్నం వడ్డించింది. లాకు తలుపులు ఎత్తకపోతే ఊళ్ళోకి నీళ్ళొస్తాయని నాన్న లేచాడు. తిని వెళ్ళు నాన్నా అన్నాను. గుమ్మంలో గొడుగు విప్పుతూ వెనక్కి చూశాడు. నువ్వు తినెయ్.”

వంతు దండపాణి గారిది. ఆయన జేబు మీది కాగితం చూసుకున్నారు. ఎడం పక్కన ‘తినెయ్’ పెట్టుకున్న చిన్న పిల్ల తలెత్తి ఆయన వంక చూస్తోంది.

“వస్తా,” అన్నారాయన. నోటీసు చదివే గొంతుతో అనలేదు.

ఆయన మెల్లిగా అడిగారు. “అయితే... ఆయన వచ్చాడా?”

“అది మీ మాటే కదండీ, మీకు తెలీదా?” అంది ‘తినెయ్’.

“నా పట్టికలో వస్తాడనే ఉంది.”

“రాలేదండి,” అంది నాగశ్రావణి. ఆ పిల్ల మాట ‘ఇప్పటికీ’. “కంచం ఇంకా బోర్లించే ఉందంట కదండి. వచ్చుంటే తిరగేసి అన్నం పెట్టేవోరు కదండీ.”

“నువ్వెక్కడో పడమటి చివర ఉన్నావమ్మా. ఈ మాటకి నువ్వు సరిహద్దే కాదు.”

“అయినా ఇక్కణ్ణించి కనబడతందండి.”

వరస మధ్యలోంచి ‘ఎత్తకపోతే’ పెట్టుకున్న అబ్బాయి చెయ్యెత్తాడు. “లాకులు మాత్రం ఎత్తేసేడండి ఆయన.”

సువార్తమ్మ గారు అరుగు దిగి వాడి దగ్గరికొచ్చారు. “నీకెలా తెలుసు నాన్నా? నేనది రాయలేదే.”

వాడు ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. బడి వెనక కనిపిస్తున్న పెంకుటిళ్ళ వైపు చెయ్యి చూపించాడు. “ఊరుంది కదండీ.”

ఆవిడ వాడి భుజం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తర్వాత నవ్వారు. కళ్ళనీళ్ళు కారుతుంటే నవ్వుతూనే మైసూర్‌పాక్ సంచీ తెచ్చి వరసలో పడమర నుంచి పంచుకుంటూ వచ్చారు. దండపాణి గారికి రెండు ముక్కలిచ్చారు. ఆయన తినకుండా చేతిలో పట్టుకుని, జీపులో ఉన్న సింహాచలాన్ని పిలిచి పట్టిక అసలు ప్రతి తెమ్మన్నారు. జీపు బానెట్ మీద పరిచి, ఎర్ర కలంతో ఏదో కొట్టేసి, ఏదో రాశారు. పంచనామాకి సాక్షులు కావాలన్నారు. రెండు క్లాసుల పిల్లలూ మైసూర్‌పాక్ చేతులతోనే సంతకాలు పెట్టారు.

ఆ విభాగం ఇప్పుడు లేదు. కథలు చదవడం మొదలుపెట్టారన్న ఆరోపణ మీద సిబ్బందినంతా సంగీత కళాశాలకి బదిలీ చేశారు. అక్కడ ఒకావిడ ఆలాపన చేస్తుంటే, ఎక్కడిదాకా వెళ్తుందో చూద్దామని సింహాచలం గొలుసు పట్టుకుని ఇంకా నడుస్తూనే ఉన్నాడని విన్నాను.

మరుసటి ఏడాది పుస్తకంలో సువార్తమ్మ గారి కథ మొత్తం అచ్చయింది. పట్టిక తీసేశారు, ఒక్క వరస తప్ప. దండపాణి గారి సవరణని కొట్టేసే అధికారం ఎవరికుందో తేలక దాన్ని అలాగే ఉంచేశారు. కథ కింద ఇప్పటికీ ఉంది:

‘వస్తా. పడమర: తినెయ్. తూర్పు: ~~పోరంబోకు~~ ఊరు. అర్థం: ~~ఆగమనం~~ హద్దులను బట్టి. హాజరు.’